తెల్లవార్లూ ఆటలు, ఆసుపత్రికి విరాళాలు: ఒక హైస్కూలు ప్రాజెక్టు డైరీ

హ్యూస్టన్ శివారులోని ఒక హైస్కూలు కెఫెటీరియాలో నవంబరు మొదటి శనివారం రాత్రి 7 నుంచి ఆదివారం ఉదయం 7 దాకా పిల్లలు వీడియో గేమ్స్ ఆడతారు. దానికోసం ముందునుంచే బంధువుల దగ్గరా, ఇరుగుపొరుగు దగ్గరా విరాళాలు అడుగుతారు. ఆ డబ్బు, ఆటల ద్వారా పిల్లల ఆసుపత్రులకు విరాళాలు సేకరించే ఎక్స్‌ట్రా లైఫ్ ద్వారా పిల్లల ఆసుపత్రికి చేరుతుంది. లెక్క: 72 మంది పిల్లలు, 41 ఆట స్టేషన్లు, మూడు విడతల్లో 24 మంది పెద్దవాళ్లు.

ఎక్స్‌ట్రా లైఫ్‌ను ఎంచుకోవడానికి కారణం ఈ ఊరే. ఇక్కడి టెక్సస్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో లుకేమియాకు చికిత్స పొందుతున్న ఒక అమ్మాయికి గేమర్లు ఆటలు పంపించారు. ఆ అమ్మాయి పోయాక, 2008లో, ఆమె పేరున 24 గంటల ఆట మొదలుపెట్టారు. అదే ఎక్స్‌ట్రా లైఫ్, ఇప్పుడు దేశమంతా పాకింది. మంచం మీద నుంచి లేవలేని పిల్లలకు చేతిలో కంట్రోలర్ ఉండటం అంటే ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లం ఒక్కక్షణం కూడా మరిచిపోకూడదు. అందుకే ఈ డైరీలో డాలరు లెక్క, కరెంటు లెక్క ఒకే పట్టుదలతో రాస్తున్నాం.

12 వారాల ముందు: అనుమతి

స్కూల్ డిస్ట్రిక్ట్ ఫెసిలిటీ ఫారం ఇచ్చేటప్పుడు హాలు మాత్రమే అడిగితే సరిపోదు. రాత్రిపూట స్కూలు భవనం తనంతట తానే పడుకుంటుంది. ఏసీ టైమర్ మీద ఆగిపోతుంది, కారిడార్ లైట్లు ఆరిపోతాయి, దొంగల అలారం దానంతటదే ఆన్ అవుతుంది. ఈ మూడింటికీ వేరువేరుగా రాతపూర్వకంగా మినహాయింపు అడగాలి. తాళాలు, కరెంటు ప్యానెల్ తెలిసిన కస్టోడియన్ (స్కూలు భవనం చూసుకునే ఉద్యోగి) రాత్రంతా ఉండాలి. ఇది ఖర్చు పద్దులో మొదటి వరుస.

తలుపుల విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి. లోపలికి ఒకటే దారి, అక్కడ సంతకం. బయటికి వెళ్లాలంటే తల్లిగానీ తండ్రిగానీ వచ్చి సంతకం పెట్టాలి. అయితే అత్యవసర ద్వారాల్లో ఏ ఒక్కదానికీ గొలుసు గానీ, అడ్డంగా బల్ల గానీ ఉండకూడదు.

10 వారాల ముందు: కరెంటు మ్యాపు

ఈ ప్రాజెక్టులో సగం పని ఇదే. కెఫెటీరియా గోడల మీద 14 చోట్ల ప్లగ్గులున్నాయి, కానీ వాటి వెనక ఉన్నవి 5 సర్క్యూట్లే. ప్లగ్గు ఎక్కడుందని కాక, ఏ బ్రేకర్ (లోడ్ మించితే ఆ సర్క్యూట్‌కు కరెంటు ఆపేసే మీట) మీద ఉందని చూడాలి. ఇద్దరు మనుషులు, ఒక టేబుల్ ల్యాంపు, ఫోను ఉంటే చాలు: ఒకరు కస్టోడియన్‌తో ప్యానెల్ దగ్గర ఒక్కో బ్రేకర్ దించుతుంటే, రెండోవాళ్లు ఏ ప్లగ్గులో ల్యాంపు ఆరిందో చూసి ఆ ప్లగ్గు మీద రంగు టేపు అంటించాలి. గంటన్నర పట్టింది. అప్పటినుంచి అందరం సర్క్యూట్లను రంగుతోనే పిలుస్తున్నాం: ఎరుపు, నీలం, పసుపు, పచ్చ, తెలుపు.

లెక్క ఇది. ఒక్కో సర్క్యూట్‌కు 20 ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 2400 వాట్లు. గంటల తరబడి నడిచే లోడ్ అందులో 80 శాతం దాటకూడదు, అంటే 1920 వాట్లు. పీఎస్5 (ప్లేస్టేషన్ 5 కన్సోల్) ఆట నడుస్తున్నప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది, 24 అంగుళాల మానిటర్ 30. కలిపితే 230. లెక్కప్రకారం 8 పడతాయి, మేం 6 దగ్గర ఆపేశాం. గేమింగ్ పీసీ, మానిటర్ కలిసి 480. నాలుగు పెడితే సరిగ్గా అంచుమీద ఉంటుంది, అందుకే మూడే. నింటెండో స్విచ్ అనే చిన్న కన్సోల్ డాక్‌లో (తెరకు కలిపే స్టాండులో) ఉన్నా 15 వాట్లే, మానిటర్‌తో 45. ఇరవై పెట్టినా 900. తక్కువ కరెంటున్న హాలు దొరికితే ఎక్కువ నింటెండోలు పెట్టుకోవడమే తెలివైన పని.

12 పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లకు రెండు సర్క్యూట్లు, 9 పీసీలకు మూడు, నింటెండోలకు ఒకటి. మొత్తం ఆరు కావాలి, ఉన్నవి ఐదు. పైగా పాలు పెట్టే కూలర్ పచ్చ సర్క్యూట్ మీదే ఉంది. దాని కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ ఒక్క లాగు లాగుతుంది. కూలర్ ప్లగ్గు పీకితే సోమవారం పిల్లలకు పాలు ఉండవు, కాబట్టి పచ్చను వదిలేశాం. కారిడార్ నుంచి తలుపు సందులోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం ఫైర్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోని పని. పరిష్కారం స్టేజీ మీద దొరికింది. సౌండ్, లైట్ల కోసం స్టేజీకి వేరే సర్క్యూట్లు వేసి ఉంటాయి, చాలామంది వాటిని చూడరు. 9 పీసీలూ, ఆటను ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా చూపించే స్ట్రీమింగ్ బల్లా స్టేజీ ఎక్కాయి.

ఇంకో మాట. వడ్డించే కిటికీ దగ్గర సింకు పక్కన ఉండే ప్లగ్గుల్లో షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ ఉంటుంది. అది 5 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. ప్రతి పీసీ పవర్ సప్లైలోనూ రవ్వంత లీకేజీ సహజం. నాలుగైదు కలిస్తే లోడ్ తక్కువున్నా ట్రిప్ అవుతుంది. అక్కడ పీసీ పెట్టొద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటిది చేసేవాళ్లకు: 230 వోల్టులు కాబట్టి అదే మెషీన్‌కు ఆంపియర్లు సగమే. అక్కడి సమస్య వేరు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో కన్సోళ్లన్నీ ఆరిపోతాయి, సేవ్ కాని ఆట పోతుంది. సర్వర్‌కూ నెట్‌వర్క్‌కూ యూపీఎస్ తప్పనిసరి.

9 వారాల ముందు: లోడ్ పరీక్ష

మెనూ తెరిచి వదిలేస్తే కన్సోల్ సగం కరెంటు కూడా తీసుకోదు. నిజమైన ఆట నడపాలి. ఐదు నిమిషాల పరీక్ష కూడా చాలదు, ఎందుకంటే బ్రేకర్ వేడికి పడిపోయే వస్తువు. కొద్దిపాటి ఓవర్‌లోడ్‌ను అది చాలాసేపు ఓర్చుకుని తర్వాత ఒక్కసారిగా దిగిపోతుంది. ఒక్కో రంగు మీద పూర్తి లోడ్‌తో 45 నిమిషాలు నడిపాం. ప్లగ్గుకూ స్ట్రిప్పుకూ మధ్య వాట్ మీటర్ పెట్టి అంకెలు రాసుకున్నాం. కేబుళ్లను చేత్తో పట్టుకుని చూశాం. ఇంటినుంచి తెచ్చిన సన్నటి గోధుమరంగు ఎక్స్‌టెన్షన్ ఒకటి ప్లగ్గు దగ్గర వెచ్చగా తగిలింది. అలాంటివన్నీ పక్కన పెట్టేసి, 12 గేజ్ వైర్లు ఆరు తీసుకున్నాం. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు.

ఒక పవర్ స్ట్రిప్ చివర ఇంకో స్ట్రిప్ తగిలించకూడదు. ఇది రాత్రంతా తిరిగి తిరిగి చూడాల్సిన విషయం, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ కోసం పిల్లలు తెలియకుండానే ఆ పని చేస్తారు. అందుకే గోడ పక్కన ఒక బల్ల ఛార్జింగ్‌కే కేటాయించాం.

8 వారాల ముందు: వేడి

మెషీన్లన్నీ కలిపి సుమారు 8 కిలోవాట్లు. మనిషి ఒక్కొక్కరూ దగ్గరదగ్గర 100 వాట్ల వేడి విడుస్తారు. 82 మంది ఉంటే అదీ 8 కిలోవాట్లే. మొత్తం 16 కిలోవాట్లు, అంటే నాలుగున్నర టన్నుల ఏసీ పని. హ్యూస్టన్‌లో నవంబరు రాత్రులు చలిగానే ఉంటాయన్న భరోసా లేదు. ఏసీ మినహాయింపు కాగితం మళ్లీ ఒకసారి పంపించాం.

7 వారాల ముందు: నెట్‌వర్క్

స్కూలు వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు. పేరూ పాస్‌వర్డూ అడిగే ఎంటర్‌ప్రైజ్ లాగిన్ నింటెండో స్విచ్‌కు తెలియదు. ఆటల సర్వర్లను ఫిల్టర్ ఆపేస్తుంది. ఐటీ వాళ్లను అడగాల్సింది ఒకటే: స్కూలు కంప్యూటర్లతో సంబంధం లేని వేరే వీల్యాన్ (విడిగా కేటాయించిన నెట్‌వర్క్), దానికి రెండు గోడ పోర్టులు.

లోపల అంతా వైర్లే. 8 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లు ఆరు. సామాను జాబితాలో ఉత్తి ‘స్విచ్’ అని ఎక్కడా రాయకూడదని నియమం పెట్టుకున్నాం: నింటెండో అనో, నెట్‌వర్క్ స్విచ్ అనో, లైటు స్విచ్ అనో పూర్తిగా రాయాలి. లేకపోతే ఒకటి అడిగితే ఇంకొకటి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఖాళీగా వేలాడే కేబుల్. ఎవరో మంచి మనసుతో దాని రెండో కొస కూడా అదే బాక్సులో గుచ్చుతారు. మామూలు చవక నెట్‌వర్క్ స్విచ్‌లో అంతే, డేటా గుండ్రంగా తిరుగుతూ హాలంతా నిమిషంలో స్తంభించిపోతుంది. లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుమంటుంటే అదే గుర్తు. వాడని పోర్టులన్నిటి మీదా టేపు వేశాం.

ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా ఆటలు ఎంచుకోవడమే అసలు రక్ష. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో మెయిన్ మెనూ దగ్గర ఎల్, ఆర్ పట్టుకుని ఎడమ స్టిక్ నొక్కితే ల్యాన్ ప్లే (ఇంటర్నెట్ లేకుండా హాలులోనే కలిసి ఆడే పద్ధతి) తెరుచుకుంటుంది, 12 మంది దాకా వైరు మీద ఆడొచ్చు. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ ఒక పాత ల్యాప్‌టాప్ మీద పెట్టాం, 20 మందికి 6 జీబీ మెమరీ ఇచ్చాం. స్టీమ్ (పీసీ ఆటలు కొని నడిపించే యాప్) వాడే పీసీలు ఇంట్లో ఆన్‌లైన్‌లో ఒకసారి తెరిచి, ఆఫ్‌లైన్ మోడ్ సరిచూసుకుని రావాలి. అప్‌డేట్లన్నీ గురువారం రాత్రికల్లా ఇంటి దగ్గరే. ఇరవై మంది ఒకేసారి వచ్చి పెద్దపెద్ద అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడితే మొదటి రెండు గంటలూ దానికే సరి.

6 వారాల ముందు: ఆటల జాబితా

ఏ ఆట ఏ వయసుకో చెప్పే ఈఎస్‌ఆర్‌బీ రేటింగ్‌లో ‘ఈ’ (అందరికీ), ‘ఈ10 ప్లస్’ (పదేళ్లు దాటినవాళ్లకు) అందరికీ పెట్టాం. టీ (టీనేజర్లకు) రేటింగ్ ఆటలు స్టేజీ మీద మాత్రమే, అదీ తల్లిదండ్రులు ఫారంలో టిక్ పెట్టిన పిల్లలకే. ఎం (పెద్దవాళ్లకు) రేటింగ్ అసలు లేదు. పర్మిషన్ ఫారంలో మూర్ఛ గురించి తప్పక అడగాలి, వెలుగు మెరుపులకు ఫిట్స్ వచ్చే పిల్లలుంటారు.

స్మాష్ (నింటెండో ఫైటింగ్ ఆట) టోర్నమెంట్: 32 మంది, డబుల్ ఎలిమినేషన్ (రెండుసార్లు ఓడితేనే అవుట్), అంటే కనీసం 62 సెట్లు. సెట్టుకు 12 నిమిషాలు, ఆరు స్టేషన్లు. కాగితం మీద రెండు గంటలు. నిజానికి మూడు గంటలు పడుతుంది, చివరి రౌండ్లలో ఐదు స్టేషన్లు ఖాళీగా ఉండి ఒక్కదాని మీదే ఆట నడుస్తుంది కాబట్టి. 8:30కి మొదలుపెట్టి అర్ధరాత్రిలోపు ముగించాలి. తెల్లవారుజామున రెండు గంటల తర్వాత టోర్నమెంట్ పెడితే పేరు పిలిచినా లేచి వచ్చేవాళ్లుండరు.

5 వారాల ముందు: డబ్బు

రెండు సంచులు, ఎప్పుడూ కలవకూడదు. టికెట్ 25 డాలర్లు పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) ఖాతాలోకి: 72 మందికి 1800. అందులోంచి కస్టోడియన్‌కు 455, పిజ్జాలకు 448, ఉదయం టిఫిన్, చిరుతిళ్లకు 300, టేపు, కేబుళ్లకు 180. మిగిలే 417 ఒకే చెక్కుగా ఆసుపత్రికి. విరాళాలు మాత్రం పీటీఏ ఖాతాను తాకకూడదు, దాత కార్డు నుంచి నేరుగా ఎక్స్‌ట్రా లైఫ్ పేజీలోకి వెళ్లాలి. టీమ్ కెప్టెన్‌గా పెద్దవాళ్లలో ఒకరు ఉండాలి, రిజిస్ట్రేషన్‌లో ఆసుపత్రి ఏదో సరిగ్గా ఎంచుకున్నామా అని ఇద్దరు చూడాలి.

మన తెలుగువాళ్లకు ఒక విన్నపం. ‘జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) చేస్తాను, నువ్వే కట్టెయ్’ అనే బాబాయిలకు మర్యాదగానే వద్దని చెప్పండి. అలా ఇస్తే రసీదు వాళ్ల పేరున రాదు, ఆఫీసు మ్యాచింగ్ కూడా రాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చే పద్ధతి ఉంది. 50 డాలర్లు 100 అవుతాయి. దానికి కావలసింది దాత పేరున ఉన్న రసీదు ఒక్కటే. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ నుంచి రాతపూర్వక రసీదు ఉండాలి. టికెట్ డబ్బుకు పిజ్జా తింటాం కాబట్టి దాన్ని పూర్తి విరాళంగా చూపించకూడదు.

వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పడేస్తే అందరూ దండం బొమ్మ పెట్టి ముందుకెళ్లిపోతారు. పిల్ల తనే పెద్దమ్మకు ఫోన్ చేసి ‘ఈ ఆసుపత్రి పిల్లల కోసం రాత్రంతా మెలకువగా ఉంటాను, గంటకు ఒక డాలరు ఇవ్వండి’ అంటే ఇస్తారు. అలా అడగటం పిల్లలకు నేర్పించడానికి అరగంట కేటాయించాం.

3 వారాల ముందు: 13వ గంట

గంటకో డాలరు అన్నాం కదా, ఈసారి గంటలు 12 కాదు, 13. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో వేసవి టైము ముగుస్తుంది, తెల్లవారుజామున 2 కొట్టగానే గడియారం మళ్లీ 1కి వెళ్తుంది. 1 నుంచి 2 దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. డ్యూటీ పట్టిక గడియారం టైముతో రాస్తే ఆ రెండో గంటకు ఎవరూ ఉండరు. అందుకే పట్టికలో ‘గంట 1’ నుంచి ‘గంట 13’ దాకా అంకెలు వేశాం. మొదటి 1 గంట ఏడోది, రెండో 1 గంట ఎనిమిదోది.

విడతలు: గంట 1–5, గంట 6–10, గంట 11–13. ఒక్కో విడతకు 8 మంది, 15 నిమిషాలు ముందొచ్చి అప్పగింతలు తీసుకోవాలి. ఏ గదిలోనూ పెద్దవాళ్లు ఒక్కరే ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు. నిద్రకు ఆగలేని పిల్లలకు అబ్బాయిలకొక గది, అమ్మాయిలకొక గది, సన్నటి లైటుతో.

లైసెన్సున్న పిల్లలైనా సరే, ఉదయం కారు నడిపి ఇంటికి వెళ్లడానికి వీల్లేదు. రాత్రంతా మేలుకున్న పదహారేళ్ల పిల్లవాడు హైవే ఎక్కకూడదు. దీని మీద బేరం లేదు.

2 వారాల ముందు: తిండి

మనిషికి 3 ముక్కలు, పిజ్జాకు 8. పిల్లలకు 27 పిజ్జాలు, పెద్దవాళ్లకు 5. తొమ్మిదింటికి చేరేలా మూడు రోజుల ముందే ఆర్డర్. పులిహోర చేసి తెస్తామని ముగ్గురు తల్లులు ముందుకొచ్చారు. పోపులో పల్లీలు ఉంటాయి, పల్లీల అలర్జీ ఉన్న పిల్లలు ఇద్దరున్నారు. పల్లీలు లేకుండా శనగపప్పుతో చేసినా అదే మూకుడు, అదే గరిటె. కాబట్టి ఇంటి వంట పెట్టడం లేదు, మూత తీయని ప్యాకెట్లే. ఎనర్జీ డ్రింకులు లోపలికి రావు. పిల్లలకు అవి అసలు తగవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లోనే చెప్పింది.

శుక్రవారం, శనివారం పగలు

కన్సోలు, కంట్రోలర్, ఛార్జర్, హెచ్‌డీఎంఐ కేబుల్: ప్రతిదాని మీదా టేపు, టేపు మీద స్టేషన్ అంకె, యజమాని ఇంటిపేరు. నేలమీది వైర్లకు గాఫర్ టేపు వాడాలి. డక్ట్ టేపు పీకినప్పుడు నేలమీద జిగురు వదిలేస్తుంది, అది గోకడానికి ఆదివారం రెండు గంటలు పోతుంది. కంట్రోలర్లన్నీ ఇళ్లలోనే పెయిర్ చేసుకుని రమ్మన్నాం. ఇరవై నింటెండోలు ఒకే హాలులో ఉంటే పెయిరింగ్ గంటన్నర గందరగోళం.

స్ట్రీమ్‌లో ఆట తెర, విరాళాల మొత్తం మాత్రమే. పిల్లల ముఖాలు, పేర్లు, మాటలు ఏవీ వెళ్లవు. పీఎస్5 బొమ్మ క్యాప్చర్ కార్డులో (తెర బొమ్మను స్ట్రీమింగ్ పీసీకి అందించే పరికరంలో) నల్లగా వస్తే సెట్టింగుల్లో హెచ్‌డీసీపీ (కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ) ఆపాలి.

ఆ రాత్రి: చెడినవి

గంట 3: నీలం సర్క్యూట్ పడింది, ఆరు కన్సోళ్లు ఆరిపోయాయి. కారణం పాప్‌కార్న్ మెషీన్. ఖాళీ ప్లగ్గు కనిపించింది కదా అని గుచ్చారు. పద్ధతి ఇది: ముందు ఆ సర్క్యూట్ మీది ప్లగ్గులన్నీ తీయాలి, బ్రేకర్‌ను పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి తర్వాత ఆన్ చేయాలి, అప్పుడు ఒక్కొక్కటిగా తగిలించాలి. అన్నీ ఒకేసారి లేస్తే మళ్లీ పడుతుంది. తొమ్మిది నిమిషాల్లో తేరుకున్నాం. ఖాళీ ప్లగ్గులకు కూడా టేపు వేయాల్సింది.

గంట 6: అర్ధరాత్రి దాటగానే ఏసీ ఆగిపోయింది. మినహాయింపు కాగితంలో శనివారం తేదీ ఒక్కటే ఉంది. 12 దాటితే ఆదివారం. కస్టోడియన్ థర్మోస్టాట్ మీది ఓవర్‌రైడ్ నొక్కితే రెండేసి గంటలు వస్తుంది, దాంతో తెల్లవారేదాకా నెట్టుకొచ్చాం. కాగితంలో రెండు తేదీలూ రాయాలి. అలారం కాగితంలో అదృష్టవశాత్తూ రెండూ ఉన్నాయి.

గంట 8: పట్టికలో ఎనిమిది పేర్లు, హాలులో ఎనిమిది మంది. కన్సోళ్ల గడియారాలు కొన్ని మారాయి, గోడ గడియారం మారలేదు. గంట అంకెను పెద్ద కాగితం మీద రాసి స్టేజీకి అంటించడం వల్ల ఎవరూ తికమకపడలేదు.

గంట 11: నిద్రగదుల్లో 19 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది మైన్‌క్రాఫ్ట్ దగ్గరే. ఓడటం గెలవటం లేని ఆట తెల్లవారుజామున ఇంకొన్ని ఉండాలి.

గంట 13: కారు గడియారం మార్చుకోని నలుగురు తల్లిదండ్రులు 6కే వచ్చేశారు. వచ్చే ఏటి ఫారంలో ‘కొత్త టైము 7’ అని రాయాలి. వచ్చినవాళ్లను ఊరికే కూర్చోబెట్టలేదు, వైర్లు చుట్టడానికి చేతులు కలిశాయి.

తర్వాతి వారం

సామాను కాగితం ప్రకారం అన్నీ తిరిగి వెళ్లాయి, ఒక ఎడమ జాయ్‌కాన్ (నింటెండో కంట్రోలర్) తప్ప. టేపు ఊడిపోయి ఉంది. స్కూలు ఆఫీసులో పెట్టాం.

మ్యాచింగ్ పని ఇంకా అయిపోలేదు. దాత తన కంపెనీ పోర్టల్‌లో రసీదు ఎక్కించి దరఖాస్తు పెట్టాలి. కొన్ని కంపెనీలకు డిసెంబరు 31 గడువు. ప్రతి కుటుంబం తన దాతల్లో ఎవరు ఏ కంపెనీయో రాసి ఈ శుక్రవారంలోగా పంపాలి. ఇంతవరకు 72 కుటుంబాల్లో 31 పంపాయి. మిగతా 41 ఇళ్లకు సాయంత్రాలు ఫోన్లు చేస్తున్నాం.